చోళపురం మలుపు

రాజపాళయంలో సైకాలజిస్టు గదిలోకి వచ్చిన బస్సు డ్రైవరు కూర్చోకముందే చొక్కా చేయి పైకి మడిచాడు.

“సూది వేస్తారా మేడమ్?”

“లేదన్నా. నేను మందులిచ్చే డాక్టరు కాదు. కూర్చోండి, మాట్లాడదాం.”

“నాకు పిచ్చి లేదు మేడమ్. చోళపురం మలుపులో ఆ ముసలామె బస్సు కింద పడి చచ్చిపోయినప్పటినుంచి స్టీరింగ్ పట్టితే చేతులు వణుకుతాయి, అంతే. తప్పు నాది కాదని కోర్టే చెప్పినది.”

“పిచ్చని ఎవరన్నారు? మీరు పెద్ద దెబ్బ తిన్నారు, అది మనసులో ఇంకా మానలేదు. జరిగినది మీరు చెప్పండి, నేను వింటాను. తర్వాత కొంచెం కొంచెంగా భయం పోగొడదాం. మొదట ఆ దోవలో ప్యాసింజరుగా పోయి వస్తారు.”

“ఇక్కడ చెప్పినది నా పెండ్లానికి తెలుస్తుందా?”

“మీరు చెబితేనే.”

“మళ్లీ బస్సు నడుపుతానా?”

“నడుపుతారు. నాకు నమ్మకం ఉంది. తొందర మాత్రం వద్దు.”

ఇంట్లో అందరూ మరిచిపొమ్మన్నవాళ్లే. ఇంత నిబ్బరంగా అతనితో ఎవరూ మాట్లాడలేదు. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“పోలీసుకు, కోర్టుకు, ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది మేడమ్. ఆమె నన్ను చూసినది. నిలిపేస్తానని నమ్మి చెయ్యి ఎత్తినది.”

“ఊఁ, చెప్పండన్నా.”

“బ్రేకు మీద నిలబడినట్లు తొక్కినాను మేడమ్. తొక్కినాను. ఆ సంగతి ఆమెకు తెలియకుండానే పోయినది.”

అతను ఆపలేదు, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.