నీళ్లు దాటించిన పిల్లి

"అవ్వా, తాతను దిబ్బ కావిలి పనిలోంచి ఎందుకు తీసేసినారు?"

ఎవురు సెప్పినారు నీకు? తీసేసినారని ఎవురు సెప్పినారు? ఆఁ, నీతో కావిలి కాసే ఆ పిల్లోల్లా. "పెంచలయ్య మనవరాలివా? గుడ్లమ్ముకున్నాయప్ప మనవరాలివా?" అన్నారా? అనుంటారు. నీ వయసంత అయింది ఆ మాటకు, ఇంగా బూజు పట్టలేదు సూడు. వాళ్ల నోట్లో మన్ను పడ. కూకో అమ్మణ్ణీ, ఆ సెప్పులు ఆడిడిసి ఇట్ల నా పక్కన కూకో. కాఫీ తాగుతావా? వొద్దా? వొద్దంటే వొద్దులే, నాకూ లేసే ఓపిక లేదు.

నువ్వు పోయేది ఆ దిబ్బకే గదా, పులికాట్ నడిమద్దెన ఉండేదానికి. నేను ఈడికి కాపరానికి వచ్చినప్పుడు నాకు ఉప్పునీళ్ల సేప అంటేనే తెలీదు. పుత్తూరు పక్కదాన్ని. మా నాయన మామిడితోటలకు కావిలి పొయ్యేవాడు, మా ఇంట్లో సెరువుసేప వండితేనే పండగ. ఈడికొస్తే యాడ సూసినా నీళ్లు, యాడ సూసినా సేపల కంపు. మొదటి నెల ముక్కు మూసుకోనే కూడు తిన్యా... సరే, అదట్లుండనీ, నువ్వడిగింది అది కాదు గదా.

ఎండాకాలమొస్తే ఆ దిబ్బ మింద పిట్టలు దిగేవి. నువ్వు సూసినావుగా, తెల్లగా ఉంటాది, నెత్తిన నల్ల టోపీ, తోక కత్తిరి మాదిరి సీలి ఉంటాది. మీరు ఇంగిలీసులో ఏమో అంటారు, మేము ఉత్త దిబ్బపిట్టలంటాము. ఇప్పుడు నువ్వు వేళ్ల మింద లెక్కబెడతా ఉండావే, అప్పుడు దిబ్బంతా తెల్లగా సున్నం కొట్టినట్ల ఉండేది. గూడు కట్టేది రాదు వాటికి. ఇసకలో కాలితో ఇట్ల గుంట జేసి, రెండో మూడో గుడ్లు పెట్టేస్తాయి, అంతే. గుడ్డు గూడా ఇసక రంగే. సూసుకోకపోతే తొక్కేస్తావు.

ఊర్లో కొందరు ఆ గుడ్లు ఏరుకొచ్చి ఉడకేసుకొనేవాళ్లు. నేనూ తిన్యా ఒగసారి, అబద్దమెందుకు. నీసు కంపు. ఇంగ నీళ్లు తగ్గితే అడుసులో, నీళ్లలో పడి వచ్చి కుక్కలు తినేవి. అందుకని అడివి ఆఫీసోళ్లు వచ్చి, ఎండాకాలమంతా దిబ్బను కాసేదానికి ఊర్లోనే ఒక మనిషి కావాలన్నారు. మీ తాత నేనుంటానన్నాడు. జీతం సెప్పుకునేంత లేదు. అప్పుడు సూళ్లూరుపేటలో పది పన్నెండు రూపాయలకు కిలో బియ్యమొచ్చేది, నెట్టుకొచ్చినాము. ఆయప్ప జీతం కోసం పోలేదు మే. నాతో నవ్వుతా ఒక మాట మాట్లాడి ఎరగడు, ఆ పిట్టల్తో మాట్లాడేవాడు. కూటికాడ కూకోని, "ఈ పొద్దు నాలుగు పగిలినాయి మునెమ్మా" అనేవాడు. గుడ్లు పగిలి పిల్లలొచ్చినాయని ఆ మాట. మీయమ్మ కస్తూరి కడుపుతో ఉంటే, అది తినిందా లేదా అని ఒక్క పొద్దు అడగలా, పిట్టల సంగతి మాత్రం రోజూ సెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది.

రాకెట్టు పోయినప్పుడు మన ఇండ్లల్లో సామాన్లు అదుర్తాయి గదా. అప్పుడు దిబ్బ మింద పిట్టలన్నీ ఒక్కసారిగా లేసిపొయ్యేవంట. ఈయప్ప కండ్లు మూసుకోని కూకునేవాడంట, మళ్ల వాల్తాయో వాలవో అని. వాలేవి. ఇంటికొచ్చి దాన్నే పదిసార్లు సెప్పేవాడు.

ఇంగ పిల్లి సంగతి.

నిన్న నీ ఫోన్లో సూపిచ్చినావే, దిబ్బ మింద పిల్లి, దాని నోట్లో పిట్టపిల్ల. "ఎట్లొచ్చిందో అవ్వా, సుట్టూ నీళ్లే గదా" అంటివి. అద్దాలు లేవు, కనపల్లేదు అన్నా నేను. కనపడింది. బాగా కనపడింది. బూడిద రంగు ఒళ్లు, తోక కొసన తెలుపు. అది కాదులే, అది ఎప్పుడో సచ్చుంటాది, దాని మనవరాలో మునిమనవరాలో. తోక కొస మాత్రం అదే.

అది మా ఇంటి సుట్టూ తిరిగే పిల్లి. సాకింది కాదు, నేను ఏ పొద్దూ ఒక మెతుకు ఎయ్యలా. నేను నెత్తళ్లు, ఆ సన్న సేపలు, ఎండబెట్టి అమ్మేదాన్ని గదా, పొద్దస్తమానం సాపకాడ కట్టె పట్టుకోని కూకోవాల. కాకిని తోల్తే పిల్లి, పిల్లిని తోల్తే కాకి. అయినా ఓర్సుకున్నా. అప్పుడు నువ్వు పుట్టినావు. మీయమ్మ పురిటికి మా ఇంట్లోనే ఉండాది, దానికి పాలు పళ్లేదు. నువ్వేమో గుక్క పట్టి ఏడస్తావు, ఊరంతా లేస్తాది. పాలసొర సేప తింటే బాలింతకు పాలు పడతాయి, అది దొరికే కాలం కాదది. రేవుకాడ ఒకాయమ్మను బతిమాలి బతిమాలి, ఇంత ముక్క తెచ్చి, ఉప్పు రాసి ఉట్టి మింద దాసినా. తెల్లారి లేసి సూస్తే ఉట్టి కింద ముల్లుండాది. ముల్లు మిగిల్సింది, అది గూడా నాకి పెట్టింది. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు తల్లీ. లోపల నువ్వు ఏడస్తా ఉండావు, మీయమ్మ ఏడస్తా ఉండాది, అది గోడ మింద కూకోని మూతి తుడుసుకుంటా ఉండాది.

సంపేద్దామనే అనుకున్నా. అయితే పిల్లిని సంపగూడదు గదా. బంగారంతో పిల్లిని సేయించి దానమిచ్చినా ఆ పాపం పోదంటారు. మా పక్క ఏం జేస్తారంటే, గోనెసంచిలో ఏసి మూతి కట్టి, ఏరు దాటించి ఇడుస్తారు. నీళ్లు దాటించినామంటే పిల్లి తిరిగి రాదు. మా అమ్మ ఇడిసింది, మా అవ్వ ఇడిసింది, అందరూ సేసేదే. ఈడ ఏరు యాడుండాది? ఉండేది పులికాటే. మీ తాత సూళ్లూరుపేటకు పోయిన పొద్దు సూసుకోని, సంచి పడవలో ఏసుకోని, నేనే గడేసుకుంటా పోయినా. మోకాలిలోతు నీళ్లే, ఏమంత కష్టం. సలికాలమది. దిబ్బ మింద ఒక్క పిట్ట లేదు. పీతలుండాయి, వలలు దులిపినోల్లు పారేసిన సేపలుండాయి. ఇది బతుకుతాది, నాకు పాపం తగలదు అనుకున్నా. సంచి మూతి ఇప్పినా. ఒగసారి నా పక్క సూసి పొదల్లోకి దూరింది. ఇంటికొచ్చి నెత్తిన నీళ్లు పోసుకోని, సంగటి గెలికి కడుపు నిండా తిన్యా. ఎంత నిమ్మళమో నాకు.

దాని కడుపు లావుగా ఉండేది. నా నెత్తళ్లు తిని బలిసిందనుకున్నా. కాన్పులు సూసిన ఆడదాన్ని, కడుపుతో ఉండేదానికి బలిసినదానికి తేడా తెలీలేదు నాకు.

ఎండాకాలం వచ్చింది, పిట్టలొచ్చినాయి, గుడ్లు పెట్టినాయి. ఒక పొద్దు మీ తాత కూటికాడ కూకోని అన్నం ముట్టలా. "పిల్లలు సచ్చి పడుండాయి మునెమ్మా, తలకాయలు లేవు" అన్నాడు. కుక్కలేమో అన్నా. నాకు తెలుసు, తెలిసే అన్నా. కుక్కలే అనుకోని ఆయప్ప అడుసు పక్కన ముళ్లకంప నాటినాడు, సేతులంతా గీసుకోని వచ్చినాడు. పసుపు రాసినా ఆ సేతులకు. నేనే రాసినా. మర్సటి వారానికి పెద్ద పిట్టలు గూడా సచ్చినాయి. మిగిలినవి గుడ్లొదిలిపెట్టి లేసిపోయినాయి, మళ్ల వాలలా. వదిలేసిన గుడ్లను కాకులు ఎత్తుకపోయినాయి.

ఆఫీసు నుంచి కొత్తగా వచ్చిన సారు పడవేసుకోని వచ్చినాడు. ముందు రాసుకున్న గుడ్లెన్ని, ఇప్పుడుండేవి ఎన్ని అని అడిగినాడు. మన వాకిట్లోనే, ఇద్ది, ఈడనే కుర్చీ ఏసినాము. మీ తాత సెప్పినాడు, "పిల్లి అడుగులు సార్. కుక్క అడుగులో గోర్లు పడతాయి, దీంట్లో పళ్లేదు, నేను బాగా సూసినా" అని. ఆ సారు, "ఏం పెంచలయ్యా, పిల్లి ఈత కొట్టుకుంటా వచ్చిందా? గుడ్లు ఏ బజార్లో అమ్మినావో అది సెప్పు" అన్నాడు. సుట్టూ సేరినోల్లు పకపకా నవ్వినారు. ఊరోల్లే. ఆయప్ప గుడ్లేరనియ్యలేదని కడుపులో పెట్టుకున్నోల్లు గూడా ఉండారు వాళ్లల్లో. నేను సారుకు మజ్జిగ గలాసు ఇస్తా ఆడనే నిలబడుకోని ఉండా. "నేనే ఇడిసినా సార్" అంటే సాలు. మూడు మాటలు. నోరు రాలా.

ఎందుకు సెప్పలేదంటావా? పెండ్లామే పిల్లిని తెచ్చి ఇడిసిందని తెలిస్తే పని పోతాది, నలుగురు నవ్వుతారనుకున్నా. పని ఎట్లైనా పోయింది. నలుగురూ నవ్వనే నవ్వినారు. పోయినాకన్నా మీ తాతకు సెప్పుండాల. అప్పుడింగో బయం, ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకున్యావని అడుగుతాడేమో అని. ఈ పొద్దు కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి... అట్లే జరిగిపోయింది.

అలిపిరి నుంచి మెట్లకు పసుపూ కుంకుమా పెడతా కొండెక్కినా. పని తిరిగి రావాలని నేను మొక్కుకున్యానని మీ తాత అనుకున్నాడు. నీళ్ల సీసా పట్టుకోని నా ఎనకనే ఎక్కినాడు, కాళ్లు నొప్పిగా ఉండాయా అని రెండుసార్లు అడిగినాడు గూడా, ఎప్పుడూ అడగనోడు. నేను మెట్టు మెట్టుకూ వొంగి, స్వామీ పిల్లిని ఇడిసింది నేనే, నేనే అని సెప్పుకుంటా పోయినా. దేవునికి సెప్పుకున్యా. రెండు మెట్లు కింద ఉండే మొగునికి సెప్పలా. సిగ్గుమాలిన బతుకు నాది.

ఊర్లో తలెత్తుకోలేక రేణిగుంటకు పోయినాడు. ఆడ గోడౌన్లో సిమెంటు మూటలకు కావిలి. పిట్టల్ని కాసినోడు మూటల్ని కాసినాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇంటికి తెచ్చుకున్యాము, ఇదే మంచం. పొయ్యే ముందు నా సెయ్యి పట్టుకోని, "గుడ్లు నేనమ్మినానని నువ్వు గూడా అనుకున్యావా మునెమ్మా?" అని అడిగినాడు. లేదన్నా. "నిజంగా?" అన్నాడు. నిజంగా అన్నా. అంతే. అంతకంటే ఒక్క మాట నా నోట్లోంచి రాలా. ఇంగ ఎప్పుడు సెప్పేది? అంతకన్నా మంచి గడియ నాకు దేవుడు యాడ ఇస్తాడు?

ఎందుకే ఏడస్తావు? నీ తప్పేముండాది, నువ్వు పాలకు ఏడ్సిన బిడ్డవు.

"పోనీలే అవ్వా. తాత లేడు గదా ఇప్పుడు."

తాత లేడు. మాట ఉండాది గదే, నిన్నగాక మొన్న నీ మొకానే కొట్టినారు గదా దాన్ని. నీకు బిడ్డలు పుడితే వాళ్ల మొకాన గూడా కొడతారు. ఇంట్లో మాట బయట పడగూడదు అంటావా? ఆ మాట లోపల పెట్టుకునే నేను మనిషిని తిన్యా. పిల్లి తినింది పిట్టల్నే.

ఇంగొకటి సెప్తా ఇను. బోన్లు పెట్టి పిల్లుల్ని పడతామంటివే, పట్టినాక యాడ ఇడుస్తారు? అడిగినావా మీ సారును? అవతలి ఒడ్డుకు తీస్కపోయి ఇడుస్తామంటారు, నాకు తెల్సు. ఏ నీళ్లూ దాటించొద్దని సెప్పు. ఆడ గూడా ఏదో ఒక పిట్ట ఉంటాది. ఈడికి తెచ్చి ఈ వాకిట్లో గూట్లో పెట్టండి. నేనున్నన్ని దినాలు కూడు పెడతా. మీయమ్మ తిడతాది, తిట్టనీ.

నువ్వు సల్లగుండాల తల్లీ. నీ కావిలి నిలబడాల, నువ్వు కాసిన గుడ్లు పగిలి పిల్లలు ఎగరాల. రేపు నీకు మొగుడొస్తే, ఏం తప్పు సేసినా ఆ పొద్దే సెప్పేయ్, కొడితే కొట్టనీ... కొడితే నువ్వూ కొట్టు.

లెయ్, ఆ కట్టె ఇట్లియ్యి. పడవ ఉండాదా రేవులో? మీ సారూ ఆ పిల్లోల్లూ దిబ్బకాడ్నే ఉంటారు గదా ఇప్పుడు? అందర్నీ ఒకసోట నిలబెట్టు, పిల్లిని ఇడిసింది ఎవురో సెప్తా. రేపంటావా? రేపు కాదు అమ్మణ్ణీ, ఈ పొద్దే తీస్కపో. రేపటికి నా నోరు మింద నాకు నమ్మకం లేదు.