సుకుమారి కొట్టిన కిక్కు

పక్షవాతంతో భర్త కుడిచెయ్యి పడిపోయిన మూడు నెలలకు, ఆత్మకూరులో మూతపడిన అతని బైకుల రిపేరు షెడ్డును సుకుమారి తెరిచింది. అతను స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, ఉదయగిరి టీచరమ్మ బండి ముందు ఆమె గొంతుక్కూర్చుంది.

"టాంకీ తుప్పు కడగను పోయుండాది గదయ్యా. పెట్రోలు లేకుండా ఇంజనెట్టా స్టార్టవుతాది?"

"స్టార్ట్ చేసే పనే లేదు. ప్లగ్గు ఊడదీసి, దాని టోపీకే మళ్లీ తగిలించు. ఇంజను బాడీకి ఆనించి, తాళం తిప్పి కిక్కు కొట్టు. రవ్వ పడితే కరెంటు బాగున్నట్టే."

"షాక్ కొడితే?"

"టోపీ రబ్బరు పట్టుకో. ఇనుము తాకబాక."

ఆమె రెండుసార్లు కిక్కు కొట్టింది.

"ఏమీ పడలా."

"అయితే రవ్వ పుట్టించే కాయిలు పోయుంటాది. అది నీవల్ల కాదులే. బండిని ఇంకో షెడ్డుకి తోలేద్దాం."

మొదటి బండే తిరిగిపోతుందంటే ఆమె మనసు చివుక్కుమంది. కానీ లేవలేదు. హ్యాండిలు దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది.

"ఉండయ్యా. ఈడ ఎర్ర స్విచ్చి ఆఫులో ఉండాది. ఇది దేనికి?"

అతను స్టూలు మీంచి ముందుకు వంగి చూశాడు.

"ఇంజను ఆపేదానికి. అది ఆఫులో ఉంటే రవ్వెట్టా పడతాది? నేను చూడనే లేదు మే. ఆన్ చేసి కొట్టు."

ఈసారి ప్లగ్గు కొన మీద టప్పుమని రవ్వ దూకింది.

"పడిందయ్యా! నీలంగా పడింది!"

"నీలమంటే గట్టి రవ్వ. ఇంక టాంకీ రావడమే తరువాయి."

"టీచరమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావు?"

"నన్నడగతావేంది? మెకానిక్కువి నువ్వు. నువ్వే చెప్పు."