మూడుసార్లు అడిగే మాట

"ఖాజీ సాబ్, మా ఇరం నోరు తెరవకపోతే ఎట్ల?"

నర్మెట్టలో ఆ ఇంట నిఖాకు అంతా సిద్ధమైంది. పెళ్లికూతురు ఇరం గదికి కట్టిన తెర ముందు, ఆమె తల్లి ఖాజీకి అడ్డంగా నిలబడింది.

"ఎందుకు తెరవదు ఆపా? ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అని మూడుసార్లు అడుగుత. ఒక్క మాట చెప్తే చాలు."

"పొద్దటి సంది ఆ ఒక్క మాటే లేదు సాబ్! మెహందీ చేతులు చూసుకుంట కూసున్నది. దంతాలపల్లి నుంచి పెళ్లికొడుకోళ్లు రెండు బస్సుల మంది దిగిండ్రు. ఇది వద్దంటే దీని చెల్లెను ఎవరు అడుగుతరు?"

"బిర్యానీ చల్లారుతదని నాకూ భయమే ఆపా. కానీ పిల్ల గొంతు వినకుండ నేను నిఖా చదవ."

"సిగ్గుపడ్డదని రాసుకోండ్రి జర. నేను పక్కన కూసోని తల ఊపిస్త."

"ఊపుతది అంటలేరు మీరు. ఊపిస్త అంటున్నరు."

"తల్లిని సాబ్. నా భయం నాది."

"మీ నిఖా చదివింది మా అబ్బాజానే గదా. ఆయన అడిగినప్పుడు మీరేం చెప్పిండ్రు?"

ఆమె తెర అంచు పట్టుకుంది. పందిట్లో ఎవరో మైకు సరిచేశారు. పెళ్లికొడుకు వైపు పెద్దలు రెండుసార్లు ఇటు తొంగి చూసి వెళ్లారు. ఆమె చెయ్యి మాత్రం తెరను వదల్లేదు.

"నేనేం చెప్పలే సాబ్," అంది చివరికి. "మా అమ్మీ ముసుగు మీద చెయ్యి పెట్టి నా తల వంచింది. మీరు లోపలికి పోయి అడుగుండ్రి. నేను ఈడనే ఉంట."