మహాలక్ష్మమ్మ ఇంటి స్థలం

కూకో అల్లుడూ, సన్యాసిరాజు సంగతేటంటే, రెండు ముక్కల్లో సెప్పేత్తాను. నువ్వు పుట్టకముందే పోనాడులే. అసలు పుస్తకాలు సదివీవోళ్ళని నమ్మకూడదురా. నాను పోర్టులో ఖలాసీగా ఉన్నప్పుడు మా క్యాంటీన్లో దాలయ్యని వంటోడుండీవోడు. నాలుగొందల పేజీల నవల సదివేసి, "ఇందులో ఒక్కలూ ఒక్కపూటైనా అన్నం తిన్లేదు, ఈళ్ళెలాగ బతికినారో" అని గిరాటేసినాడు. ఆడి సదువంతే. నాదీ అంతే అనుకో, ఓడొచ్చిందని రాత్తే సాలదు, అందులోంచి ఏటి దిగిందో రాయాల. ఆఁ, సన్యాసిరాజు. స్టీల్ ప్లాంటుకి ఊరు పోనోళ్ళలో ఆడొకడు. ఇల్లూ జీడితోటా పోనాయి. ఇంటి స్థలం ఇత్తాం, అర్జీ పెట్టుకోమన్నారు. ఏడేళ్ళు పెట్టినాడు. ఆ అలవాటుకి పెళ్ళానికి ఉత్తరం రాసినా "తమ దివ్యసముఖమునకు" అనే మొదలెట్టీవోడు. మా కాలనీ లైబ్రరీలో అటెండరు పని దొరికితే దాంతోనే బతికీవోడు.

ఆ లైబ్రరీకి పెద్ద అచ్యుతరామయ్యగారు. గోదారి మనిషి, కాలవ పక్క మేడలో పుట్టినాడు. ఏడవడానికి సొంతంది ఏటీ లేదు పాపం, పుస్తకాల్లోంచి అరువు తెచ్చుకునీవోడు. ఓ నవల మెచ్చుకుని ఈడి సేతిలో పెట్టినాడు. అందులో మహాలక్ష్మమ్మని ఓ ముసిల్ది. ఆనకట్ట కట్టి నీళ్ళొదిలితే ఇల్లు ములిగిపోతాది, ఆవిడ గట్టు మీద కూకుంటాది, కథ ఐపోతాది. ఆ ఆఖరి పేజీకి ఆయన మూడుసార్లు ఏడిసినాడట. ఈడు సదివొచ్చి ఒకటే అడిగినాడు.

"ఆ యమ్మ అర్జీ పెట్టలేదేటండి?"

"పాత్ర అర్జీ పెట్టడమేమిటయ్యా? ఆ మౌనంలోనే ఉంది శిల్పమంతా."

"మౌనంగా ఉంటే స్థలం ఇవ్వరండి."

అక్కడితో ఊరుకున్నాడా? ఆవిడ పేరున అర్జీ రాసీసినాడు. గుమ్మం ఏ దిక్కునుండీదో, నీళ్ళు ఏ రోజొచ్చినాయో, అన్నీ పేజీల్లోంచి ఏరినాడు. ఇల్లే లేని మనిషికి అడ్రసెక్కడిది, అంచేత కేరాఫ్ లైబ్రరీ అని రాసి, లైబ్రరీ స్టాంపు గుద్ది, తన అర్జీతో పాటు ఒకే కవర్లో పంపినాడు. పిచ్చెక్కిందేటని అడిగితే, "పుస్తకంలో మనిషైతే ఏటి బావా, ఇల్లు పోనాది కదా" అన్నాడు.

అర్జీకి నకలుంచుకోడం ఆడి అలవాటు. మూడు నెల్లకి అదే అచ్యుతరామయ్యగారికి దొరికిపోనాది. ముసిల్దానికి మూడుసార్లు ఏడిసినాయన, స్టాంపు దుర్వినియోగమని ఈడికి మెమో ఇచ్చినప్పుడు కళ్ళజోడైనా తుడుసుకోలేదు. విచారణ పెట్టినారు. ఉద్యోగం పోతే ఏటి తింటావురా అంటే తన అర్జీ కాయితాలే సర్దుకుంటాడు. ఎప్పుడూ తిండి గురించి ఆలోసించని దాలయ్యా నానూ కూడా సూడ్డానికెళ్ళినాం, పనేటీ లేక. ఏటా నవ్వు? దాలయ్య సంగతి నాకు తెలుసులే.

సరిగ్గా అప్పుడే, స్థలాలిచ్చీ ఆఫీసు నుంచి కేరాఫ్ లైబ్రరీ అని పోస్టులో కవరొచ్చినాది. పోలీసులకి రాసినారేమో అనుకున్నాం. అచ్యుతరామయ్యగారే పైకి సదివినారు. మహాలక్ష్మమ్మ అను నిర్వాసితురాలికి ఇంటి స్థలం మంజూరైనది, స్వయంగా వచ్చి వేలిముద్ర వేయవలెను. సన్యాసిరాజు అర్జీ పరిశీలనలో ఉన్నది.

ఉద్యోగం ఆ సాయంత్రమే తీసీసినారు. రెండేళ్ళకి ఆడూ పోనాడు. స్థలం ఇప్పటికీ ఆవిడ పేర్నే ఉంది.