దింపిన మూటలు

1938, కార్తీకం. పెద్దకడుబూరు నుంచి ఆదోనికి పోయే దారిలో, వంక దాటి గట్టెక్కే చోట, వేరుశనగ బుడ్డలు వేసుకొచ్చిన ఇంద్రసేనయ్య సావుకారి కొత్త లారీ మధ్యాహ్నం నుంచి నల్లరేగడిలో దిగబడి ఉంది. లారీ ముందు సీట్లో మాదన్న కూతురు ముత్తమ్మ నొప్పులు పడుతోంది. డ్రైవరు యేసేపు చక్రాల కింద పరచడానికి వావిలి మండల కోసం పోయి, అప్పుడే తిరిగొచ్చాడు. వాన మాత్రం ఎవరి గోడూ తనకు పట్టనట్టు కురుస్తూనే ఉంది.

“ఏం పని సేసినావు మాదన్నా! బుడ్డల మూటలన్నీ యాడ?”

“ఆడ, గట్టు మీద పెట్టినా. పట్టా కప్పినాలే.”

“అన్నీనా?”

“అన్నీ. ఇరవై రెండు. నడుం ఇరిగిందనుకో.”

“ఎవురు దింపమన్నారు నిన్ను?”

“ఎవురు సెప్పాల? బండి దిగబడితే బరువు దింపాల. పాలు తాగే పిల్లోనికీ తెల్సు. ఎక్కి తిప్పు, పూలబుట్ట మాదిరి లేస్తాది.”

“లేస్తాది! తిప్పుతాండా, సూడు... సూసినావా? ఎనక చక్రం ఉత్తగ తిరుగుతాంది. ఇందాకటికన్నా జానెడు లోతుకు పాయె.”

“అదేందప్పా! తేలికైతే కదా పైకి రావాల్సింది?”

“ఎద్దుల బండి కాదన్నా ఇది. బండిని ముందర నుంచి ఎద్దులు గుంజుతాయి, బరువు దింపితే వాటికి సుఖం. లారీకి ఎద్దులు యాడుండాయి? ఎనక చక్రాలే ఎద్దులు. పైన బరువుంటేనే వాటి కాలు నేలకు ఆనేది. నువ్వు వాటి కాళ్లు గాల్లోకి లేపి గుంజమంటాండావు.”

“నాకేం తెల్సు? ముప్పై ఏండ్లు బండి తోలినోన్ని.”

“తెల్దు, సరే. నేనొచ్చేదాక ఉండొద్దా? ఒక్క మాట అడగొద్దా?”

“నాయనా...”

“ఆఁ, ముత్తమ్మా, ఈడ్నే ఉండాను తల్లీ. పోతాండాము. అయిపాయె.”

“నా వల్ల కాదు నాయనా. ఇంటికి తీస్కపో.”

“ఇంటికాడ ఏముంది తల్లీ? బిడ్డ అడ్డం తిరిగింది, నా సేతుల్లో లేదు, ఆదోని ఆస్పత్రికి తీస్కపొమ్మని ఉచ్చీరమ్మ సెప్పలే? ఊరందరికీ కానుపులు సేసిన మంత్రసానే సేతులెత్తేసె. ఓర్సుకో. రొంతసేపు ఓర్సుకో.”

“మాదన్నా, రా, మూటలు ఎక్కిద్దాం. ఎనక చక్రాల మీదికి వచ్చేటట్ల పేర్చాల. ముందరికి ఒక్కటీ వద్దు.”

“మళ్లా ఎక్కించాల్నా?”

“దింపింది నువ్వే కదా!”

“ఎక్కిస్తా. ఎక్కిస్తాలే. కేకలెయ్యొద్దప్పా, బిడ్డ బెదురుకుంటాది.”

“పట్టు మల్ల... అబ్బా, తడిసి ఒక్కోటి రెండు మూటలైంది. పట్టా కప్పినా అంటివి?”

“కప్పినా. గాలికి లేచిపోయినట్టుంది.”

“సావుకారి సూస్తే రేపట్నుంచి నాకీ లారీ లేదు, నీకీ కూలి లేదు. మూటలు పోయేది ఆదోని మిల్లుకే, ఆస్పత్రి దోవలోనే కదా అని, ఆయనకు సెప్పకుండా నీ బిడ్డను ఎక్కించుకుంటి.”

“నీ మేలు మర్సిపోను యేసేపా.”

“మేలు సంగతి కాదన్నా. నువ్వు తెలివి తక్కువోనివి కావు. ఒక్కనివి, ఈ వానలో, ఇన్ని మూటలు... అంత ఆత్రం ఏమొచ్చె నీకు?”

“ఇంకా ఎన్నుండాయి?”

“పదైదు. అడిగిందానికి సెప్పు.”

“పట్టు, పట్టు. జారుతాంది.”

“మీ అల్లుడు ఎమ్మిగనూరు సంతకు పోకుంటే ఇంకో రెండు సేతులుండు. ఆగు, రొంత ఊపిరి తీసుకోనీ. రెక్కలు పడిపాయె.”

“నువ్వు కూచో. నేను మోస్తా.”

“ఈ వయసులోనా? నువ్వూ కూచోన్నా.”

“ఆగద్దు యేసేపా. ఈ వంకలో ఆగద్దు.”

“సరే, పద...”

“అదే ఆఖరుది. ఇంకేం సెయ్యాల?”

“టైర్లలో కొంచెం గాలి తీసినా. మెత్తగైతే నేల మీద పర్చుకుంటాది. చక్రాలకు మోకు సుట్టినా, కింద మండలేసినా. ఇంక దేవుని దయ. పో, ముందర బిడ్డకాడ కూచో.”

“వద్దప్పా. ఎనక మూటల మీద కూచుంటా. నా బరువూ దానికే.”

“నీ బరువెంత? ఎండుకట్టె.”

“ముందర కూచుంటే అది నా మొగం సూస్తాది.”

“సరే, గట్టిగ పట్టుకో! ఆఁ... ఆఁ... పట్టింది! మాదన్నా, నేల పట్టింది! గట్టెక్కినాం!”

“ఆపొద్దు! పోనీ, పోనీ!”

ఆదోని ఆస్పత్రి వసారాలో, దీపాలు పెట్టే వేళకు.

“నర్సమ్మ ఏమనె మాదన్నా?”

“ఇద్దరూ ఉండారంట. తల్లీ, బిడ్డా. ఆడపిల్ల.”

“ఇంకేమన్నా! ఏడుస్తావేంది? మూటల సంగతి సావుకారికి నేను సెప్పుకుంటాలే, తిడితే పడతా. నాకొక్కటి మాత్రం సెప్పు. నేనొచ్చేదాక ఆగలేక పోయినావే, ఎందుకు?”

“ముత్తమ్మకు సెప్పొద్దు.”

“సెప్పను.”

“అప్పుడు దానికి మూడేండ్లు. ఆ వంకలోనే, ఇట్లాంటి వానలోనే, సావుకారి వాళ్ల నాయన బుడ్డలు ఏసుకోని ఆదోనికి వస్తాంటి. బండ్లో ముత్తమ్మ తల్లి, రెండో కానుపు నొప్పులు. బండి దిగబడె. మూటలు దింపయ్యా, దింపయ్యా అని మొత్తుకున్నాది. సావుకారి సరుకు బురదపాలైతే ఏమంటాడో అని నాకు బయం. ఆమె ఆ మూటల మీదే పాయె యేసేపా. ఒక్క మూట దింపలేదప్పా నేను.”