మిలీషియాలో మా ఆయన

హలో… ఆ, నేనే సుమతీ. … గొంతా? జలుబు కాదే, మా ఆయన్ని తిట్టి తిట్టి బొంగురుపోయింది.

… ఇంకా ఎక్కడ! డెట్రాయిట్‌లోనే, ఇమిగ్రేషన్ ఆఫీస్ పార్కింగ్‌లో. ఆయన ఇంటర్వ్యూ తొమ్మిదికి, లోపలికెళ్ళారు. నాది పదిన్నరకి. హీటర్ వేసుకుని కార్‌లో కూర్చున్నా.

… సివిక్స్ ప్రశ్నలా? ఆ నూరూ నిద్రలో లేపి అడిగినా చెప్తారు మా చక్రపాణి గారు. గొడవ అది కాదు… మిలీషియా.

… మిలీషియానే తల్లీ! ఈ ఏడు సిటిజన్‌షిప్ ఫారం మార్చారు కదా, నువ్వూ కిందటి నెల అదేగా పట్టుకెళ్ళావు. అందులో లేదూ — ఎప్పుడైనా గెరిల్లా దళంలో ఉన్నారా, తిరుగుబాటు దళంలో ఉన్నారా, మిలీషియాలో, అంటే పౌరసైన్యంలో, ఉన్నారా అని? … ఆఁ, నువ్వు టకటకా నో, నో, నో కొట్టేశావు. మనుషులన్నవాళ్ళు అలాగే కొడతారు. జూన్‌లో మేమూ అలాగే కొట్టి పంపాం.

ఆదివారం ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేయిస్తుంటే అక్కడ ఆగిపోయారు. అసలు మిలీషియా అంటే ఎవరు అని మిషిగన్ చట్టం తీసి కూర్చున్నారు. … ఎందుకేమిటి! ఇరవయ్యేళ్ళుగా కార్లకి బ్రేకులు డిజైన్ చేసే మనిషి. ఫుట్‌నోట్ చదవందే అన్నం సయించదు. పెన్నులు రెండు, గొడుగులు రెండు, పాస్‌పోర్ట్ ఫొటోలు రెండు సెట్లు. ఒకటి ఫెయిలైతే రెండోది ఉండాలంటారు.

అందులో ఏముందంటే — విను, నవ్వకు — నేషనల్ గార్డ్ సైన్యంలో లేని మామూలు జనం కూడా, ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళందరూ, పదిహేడు నించి అరవై దాకా, స్టేట్ మిలీషియా లెక్కలోకే వస్తారట. … సిటిజన్లేగా అని నేనూ అన్నా. సిటిజన్ అవుతామని చెప్పుకున్నవాళ్ళు కూడానట! ఫారం పంపాక చెప్పుకున్నట్టేగా అంటారు ఈయన.

… లేదే, డ్రిల్లూ లేదు, తుపాకీ లేదు. ఈయన చేతపట్టిన ఆయుధం మంచు ఎత్తే పార ఒక్కటే.

… అదే చెప్పా! వాళ్ళడిగేది అడవుల్లో తిరిగేవాళ్ళ గురించండీ, కూపన్లు పట్టుకుని షాపుల్లో తిరిగేవాళ్ళ గురించి కాదు అని. వింటేనా! చెయ్యెత్తి ప్రమాణం చేసి అబద్ధం ఎలా చెప్పను అంటారు. లోకంలో ఉన్న సత్యసంధులంతా చచ్చిపోయి ఈయనొక్కరే మిగిలినట్టు.

… భయం కాక? పదహారేళ్ళే సుమతీ. హెచ్-వన్, లేఆఫ్, మళ్ళీ హెచ్-వన్, గ్రీన్ కార్డ్… ఇన్ని గుమ్మాలు దాటొచ్చి ఆఖరి గుమ్మంలో నిలబడి "అయ్యా, నేను మిలీషియా" అంటే ఆ ఆఫీసరు ఏమనుకోవాలి? ఫైల్ పక్కన పడేస్తే? … లాయర్ ఫోనే ఎత్తలేదు.

అందుకని ఏం చేశానో తెలుసా? ఈయన ఆ చట్టం ప్రింట్ తీసి, పసుపు గీతలు గీసి, ఫైల్‌లో పెట్టుకున్నారు. పొద్దున్న స్నానానికి వెళ్ళగానే లాగేసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో దాచా. … దొంగతనమే! అయితే ఏం?

… లేదులే, ఒక్క మాట మాత్రం కొట్టిపారెయ్యలేను. నిన్న అన్నారు — "ప్రసూనా, ఇన్నేళ్ళూ మన కాగితాలన్నిట్లోనూ ఏలియన్, పరాయివాళ్ళు అనే రాశారు. అడక్కుండా మనల్ని తమ మనుషుల్లో కలుపుకున్న కాగితం ఇదొక్కటే. దీనికి నో అని ఎలా చెప్పను?" అని. … ఏడుపొచ్చిందే. అయినా తిట్టా.

… ఉండు, వస్తున్నారు. … ఏమో, మొహం చూస్తే తెలిసి చావదు. పాసైనా ఫెయిలైనా ఆయనది ఒకటే మొహం. చేతిలో ఏదో కాగితం… సుమతీ! పసుపు గీతలు! … ఇంకో కాపీ! నా మతి మండ, అన్నీ రెండేసి ఉంటాయని నేనే చెప్పి నేనే మర్చిపోయా!

లైన్‌లో ఉండు. … ఏమండీ? చెప్పేశారా? … చెప్పేశారు! … వాళ్ళేమన్నారండీ?

… సుమతీ, ఉన్నావా? ఆఫీసరు పెద్దావిడట. రెండు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి, "ఇంతవరకు మిమ్మల్ని ఎవరైనా పిలిచారా?" అని అడిగిందట. ఈయన "లేదు మేడమ్, పిలిస్తే వస్తాను" అన్నారట! … ఆవిడ నవ్వి, "అయితే నేనూ మీతోనే, అరవైకి ఇంకా రెండేళ్ళుంది" అని, నో అన్నది అలాగే ఉంచి, పక్కన ఏదో రాసుకుందట. … పాసయ్యారే! పాస్!

… థాంక్స్, థాంక్స్, మీ రవికుమార్ గారికీ చెప్పు. … ఆఁ? ఏమిటండీ? … ఏంటీ!

… కొంప మునిగిందే. తరవాత ఇంటర్వ్యూ మా ఆవిడదే అని చెప్పొచ్చారట ఈ మహానుభావుడు. "అయితే ఆవిడనీ అడుగుతాను" అందట! … ఆడవాళ్ళ లెక్క వేరేమో… ఉండు, కాపీ నా బ్యాగ్‌లోనే ఉందిగా.

… మగవాళ్ళే అని ఎక్కడా లేదే. … లేదు, భర్త పేరూ లేదు, ఎవరి తాలూకు అనీ లేదు. … పదకొండేళ్ళు ఈయన వెనకాల హెచ్-ఫోర్ వీసా సుమతీ. ఎక్కడ సంతకం పెట్టినా డిపెండెంట్. ఇందులో నేను ఎవరి డిపెండెంట్‌నీ కాదే.

… మోకాలా? మోకాలికేం, గుండ్రాయిలా ఉంది! ఒంట్లో శక్తి లేదని ఎవరంటారో అనమను.

… నువ్వు ఊరికే నవ్వకు. నీకు నలభై ఎనిమిదేగా? నువ్వూ ఉన్నావు ఇందులో.

… టైమైంది, దిగుతున్నా. ఏమండీ, నా ఫైల్ ఇలా ఇవ్వండి. … వద్దు, మీ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. నా కాపీ నాకుంది. … ఉంటానే సుమతీ, లోపల ఫోన్ కట్టెయ్యాలి.