మొదటి మొక్క నాటిన చెయ్యి

ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిరపకోతలకు ఇంకా మూడు రోజులుంది. కూలీల ముఠాకి మేస్త్రి అయిన రెబ్కాని వెంటబెట్టుకుని రైతు వెంకటనారాయణ సంజీవరావు మాస్టారి గుమ్మం ఎక్కాడు. తీర్పు ఇంటి దగ్గరే రాసుకొచ్చాడు.

“ఆ ఇంగ్లీషు మాట ఇంకోసారి చెప్పండి మాస్టారూ. దీని చెవిన పడేట్టు.”

“సినిస్టర్. చాటుగా చెడు తలపెట్టేదని అర్థం. ఇప్పుడిదంతా ఎందుకు వెంకటనారాయణగారూ?”

“మాట పుట్టుక చెప్పండి, పుట్టుక! మా అమ్మాయి తేజశ్రీ మీ దగ్గర పుస్తకంలోంచి చదువుతుంటే విన్నా.”

“లాటిన్‌లో ఎడమ అని. కానీ...”

“కానీ లేదు, అర్ధణా లేదు. విన్నావా రెబ్కా? దొరలే రాసిపెట్టారు. మొదటి మొక్క మేస్త్రి చేత నాటించడం మా ఇంటి ఆనవాయితీ. నువ్వేమో ఎడం చేత్తో నాటావు. నాలుగెకరాలు ఆకుముడత!”

“ముడత ఊరంతా వచ్చిందయ్యా. పక్కనున్న జానీబీ చేలోనూ వచ్చింది. అక్కడ నేను అడుగే పెట్టలా.”

“ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటది. నీ ముఠా మాత్రం నా చేలో దిగొద్దు.”

“పన్నెండు మంది ఆడోళ్ళమయ్యా. చెయ్యి మంచిది కాదని మీరు వద్దంటే, రేపు ఊళ్ళో ఇంకెవరు పిలుస్తారు?”

“పిలవకూడదనే.”

“నేను చెప్పేది పూర్తిగా వినండి. మొదట్లో రోమనులకి ఎడమవైపు శకునమే శుభం. గ్రీకులకి కుడి మంచిది. వాళ్ళని చూసి వీళ్ళూ మారారు. మాట పాతదే, నిందే తర్వాత అంటుకుంది.”

“బాగా అతికారు మాస్టారూ! మీ ఇద్దరిదీ ఒకే చర్చి కదా.”

“ఇదిగో డిక్షనరీ. మీరే చూసుకోండి.”

“అది చదవడమే వస్తే మీ గుమ్మం ఎందుకెక్కుతా? మీరు ఎక్కడ వేలు పెడితే అదే అర్థం నాకు.”

“అయ్యా, ఒక్క మాట. నాట్ల రోజు పొద్దున్నే చేలో ఎవరెవరం ఉన్నాం?”

“నువ్వు, నేను, నీ ముఠా...”

“ముఠా ఇంకా రాలా. వర్జ్యం వచ్చేస్తోందని మీరు గోల. నా నెత్తిన నారుగంప, రెండు చేతులూ గంపకే. మొక్క తీసిందెవరు?”

“రెబ్కా, ఇంక చాలు.”

“గుంటలో పెట్టిందెవరయ్యా?”

“నోర్ముయ్యమంటున్నా.”

“ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నా. ఇంట్లో నా పేరు చెప్పారు. మీ ఇంటావిడ బసవమ్మగారు నా మొహం చూట్టం మానేసింది. పోన్లే అని పడ్డా. కూడు తీసేస్తే ఎట్టా పడేది?”

“ఆగు రెబ్కా. నాటింది మీరేనా వెంకటనారాయణగారూ? అయితే ఇంక గొడవేముంది? మీది కుడిచెయ్యేగా!”

“ఎండెక్కుతోంది, నే వస్తా మాస్టారూ.”

“మాస్టారు అడుగుతున్నారయ్యా. నన్ను చెప్పమంటారా?”

“వద్దు. సోమవారం ముఠాతో వచ్చెయ్. బసవమ్మకి మాత్రం చెప్పకు... చిన్నప్పుడు మా అమ్మ వాతలు పెట్టినా పోలేదు మాస్టారూ. ఎవరూ చూట్టం లేదనుకుంటే చాలు, ఈ ఎడం చెయ్యే ముందుకొచ్చుద్ది.”